పులుసుకు కావలసింది సెగ, పొగ కాదు



ప్రభుత్వ వైద్యశాలల్లో ముప్పైమూడేళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందిన వైద్యుడిని నేను. సాధారణంగా ఇక్కడ వ్యాధులను గురించి, వాటి నివారణను గురించి వ్రాస్తుంటాను. ఈసారి పొయ్యిని గురించి వ్రాయవలసి వచ్చింది. అందుకు కారణం ముందుగా చెబుతాను.

క్రిందటి నెలలో నాకు తెలిసిన ఒక యువకుడు తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఎన్నడూ చుట్ట గాని, బీడీ గాని ముట్టని మనిషి. అయినా ఆమె ఊపిరితిత్తులు నలభై ఏళ్ళు చుట్ట కాల్చినవాని ఊపిరితిత్తులలాగే ఉన్నాయి. పదేళ్ళ వయస్సు నుండి కట్టెల పొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టంతో ఊదిన దాని ఫలితం అది. నాలుగేళ్ళ క్రితం ఇంట్లోకి గ్యాసు, దానికి తోడుగా ఒక ఇండక్షన్ పొయ్యి వచ్చాక ఆమె దగ్గు, ఆయాసం కొంత తగ్గుముఖం పట్టాయి. ఇప్పుడు మళ్ళీ నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం లేదు.

"మళ్ళీ పొగ తగిలిందా అమ్మా?" అని అడిగాను.

ఆమె కొడుకు వైపు ఒకసారి చూసి, "ఇండక్షన్ పొయ్యి మీద గంటల తరబడి ఉడికిన పులుసు తింటే కాన్సరు వస్తుందటండీ, డాక్టరు గారూ. అబ్బాయి ఫోనులో చూశాడు. అందుకని పెరట్లో మళ్ళీ కట్టెల పొయ్యి వేసుకున్నాం. పులుసూ, మాంసమూ దాని మీదే నిదానంగా ఉడికిస్తున్నాను" అన్నది.

ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. తల్లికి కాన్సరు రాకూడదని కోరుకున్నాడు. తప్పు పట్టవలసినది ఆ మాటను ఏ ఆధారమూ లేకుండా లక్షలమందికి పంచిపెట్టినవారిని. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. ఈ ఫోను సందేశాలలో మాత్రం నిప్పు లేకుండానే పొగ లేస్తున్నది. చివరకు ఆ పొగ ఒక ముసలి తల్లి ఊపిరితిత్తులలోకి పోయింది. ఈ వ్యాసం ఆ ప్రచారం మీద నా ఫిర్యాదు.

ఆ సందేశాలలో ముఖ్యంగా మూడు నిందలు కనిపిస్తాయి. ఇండక్షన్ పొయ్యి నుండి వచ్చే "రేడియేషన్" ఆహారంలో చేరి కాన్సరు కలిగిస్తుందనేది మొదటిది. ఆ పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికితే ఆహారంలోని పోషకాలు, "జీవశక్తి" నశిస్తాయనేది రెండవది. మన పూర్వులు కట్టెల పొయ్యి మీద నిదానంగా వండుకొని నూరేళ్ళు బ్రతికారు గనుక అదే ఆరోగ్యకరమనేది మూడవది. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

పొయ్యి లోపల జరిగేది

1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంలో లోహాన్ని ఉంచితే ఆ లోహంలో విద్యుత్తు పుడుతుందనేది దాని సారాంశం. మన వీధిలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. ఇండక్షన్ పొయ్యి కూడా అంతే.

పొయ్యి పైనున్న గాజు పలక క్రింద రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. దానిలో విద్యుత్తు సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. అందువలన పలక మీద ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఇనుప గిన్నెను గాని, అయస్కాంతం అంటుకొనే స్టీలు గిన్నెను గాని అక్కడ పెడితే దాని అడుగున సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలకు లోహం కలిగించే నిరోధం వలన గిన్నె అడుగు వేడెక్కుతుంది. మంట లేదు, నిప్పు లేదు. గిన్నె తనంత తాను వేడెక్కుతుంది. ఆ వేడి పులుసుకు చేరుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. గిన్నె ఎలా వేడెక్కిందనే దానిలోనే తేడా ఉన్నది. వేడెక్కిన గిన్నె నుండి పులుసులోకి వేడి చేరే పద్ధతిలో ఏ తేడా లేదు. కట్టెల మంట వలన వేడెక్కినా, గ్యాసు వలన వేడెక్కినా, ఇండక్షన్ వలన వేడెక్కినా నూరు డిగ్రీల నీరు నూరు డిగ్రీల నీరే. పొయ్యి మీట ఆపిన క్షణాన ఆ అయస్కాంత క్షేత్రం అదృశ్యమవుతుంది. అది పులుసులో నిలువ ఉండదు, వడ్డనతో పాటు కంచంలోకి రాదు.

"రేడియేషన్" అనే భూతం

రేడియేషన్ అనే మాట వినగానే హిరోషిమా గుర్తుకు వస్తుంది. కాని ఆ మాట క్రింద ఎన్నో రకాల కిరణాలున్నాయి. ఎక్స్ కిరణాలకు, గామా కిరణాలకు పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడదీసే శక్తి ఉన్నది. అందువలన అవి జన్యుపదార్థాన్ని గాయపరచగలవు. వైద్యశాలలో ఎక్స్ రే తీసే ఉద్యోగి సీసపు తొడుగు ధరించేది అందుకే. దృశ్యకాంతికి, పరారుణ కిరణాలకు, రేడియో తరంగాలకు, ఇండక్షన్ పొయ్యి క్షేత్రానికి ఆ శక్తి లేదు.

ఒక పోలిక చెబుతాను. తరంగానికి పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఒక్కొక్క శక్తికణానికి బలం పెరుగుతుంది. కట్టెల పొయ్యిలో కణకణలాడే నిప్పుల ఎర్రని వెలుగు పౌనఃపున్యం, ఇండక్షన్ పొయ్యి క్షేత్రపు పౌనఃపున్యం కంటె వెయ్యి కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. పౌనఃపున్యాన్ని చూసి భయపడేవారు ముందుగా నిప్పు వెలుగును చూసి భయపడాలి! ఆ వెలుగు వలన ఎవరికీ కాన్సరు రాదు. అంతకంటె ఎంతో బలహీనమైన దానికి భయపడడం అర్థం లేని పని.

అంటే హద్దులే అక్కరలేదని కాదు. అయనీకరణ రహిత వికిరణాల నుండి రక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2010లో ఈ స్థాయి పౌనఃపున్యాలకు సాధారణ ప్రజల విషయంలో 27 మైక్రోటెస్లాల పరిమితిని సూచించింది. తగినంత వెడల్పు గల గిన్నెను పొయ్యి మధ్యలో ఉంచి, ఒక అడుగు దూరాన నిలబడి వండేవారికి తగిలే క్షేత్రం ఆ పరిమితికి లోబడే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది వేగంగా క్షీణిస్తుంది. పొట్టను పొయ్యి అంచుకు ఆనించి గంటసేపు కలుపుతూ నిలబడవలసిన అవసరం ఎవరికీ లేదు. నిదానంగా ఉడికే పులుసుకైతే అసలే లేదు. మూత పెట్టి వచ్చి కూర్చోవచ్చు.

ఇక కాన్సరు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2011లో సెల్‌ఫోను వంటి సాధనాల రేడియో తరంగాలను "కాన్సరు కారకం అయ్యే అవకాశం ఉండవచ్చు" అనే వర్గంలో చేర్చింది. అదే సంస్థ 2010లో ప్రచురించిన సంపుటంలో, ఇళ్ళలో కట్టెల వంటచెరకును కాల్చగా వచ్చే పొగను అంతకంటె పై మెట్టులో, "బహుశా కాన్సరు కారకం" అనే వర్గంలో చేర్చింది. ఇంట్లో కాల్చే రాక్షసి బొగ్గు పొగనైతే నిస్సందేహంగా కాన్సరు కారకమని తేల్చింది. కాన్సరు భయంతో ఇండక్షన్ పొయ్యిని ఆపి కట్టెల పొయ్యి వెలిగించిన ఇంట్లో జరిగినదేమిటో ఇప్పుడు ఆలోచించండి. లేని అపాయానికి భయపడి, ఉన్న అపాయాన్ని ఇంటికి పిలుచుకొన్నారు. ఆ సలహా ఏ ఫోనులో వచ్చిందో, ఆ ఫోను తరంగాలు కూడా ఆ సంస్థ జాబితాలో ఉన్నవే!

పోషకాల మాట

"ఎక్కువసేపు ఉడికితే పోషకాలు నశిస్తాయి" అనే మాటలో కొంత నిజమున్నది. విటమిన్ సి వేడికి క్షీణిస్తుంది. కొన్ని బి విటమిన్లు నీటిలోకి దిగిపోతాయి. కాని ఇది వేడి గుణం. పొయ్యి గుణం కాదు. కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడికిన టమాటాలోనూ విటమిన్ సి అంతే తగ్గుతుంది. పైగా పులుసులో నీటిని మనం పారబోయం. ముక్కలలోంచి నీటిలోకి దిగినవి ఆ పులుసుతోనే మన కడుపులోకి వస్తాయి. అన్నం వార్చి గంజి పారబోసేవారు పులుసులోని పోషకాలను గురించి బెంగపడనవసరం లేదు.

నిదానంగా, నీటిలో ఉడికించడానికి మంచి గుణాలు కూడా ఉన్నాయి. టమాటాలోని ఎర్రని వర్ణకం లైకోపీన్ కొద్దిగా నూనెతో ఉడికినప్పుడు శరీరానికి మరింత బాగా అందుతుంది. ముదురు మాంసంలోను, మేక కాళ్ళలోను ఉండే కొలాజెన్ అనే గట్టి మాంసకృత్తు మెల్లని వేడికి గంటల మీద మెత్తబడి జెలటిన్‌గా మారుతుంది. పళ్ళు లేని పెద్దలు కూడా ఆ మాంసాన్ని తినగలుగుతారు. వేపుడులోను, నిప్పుల మీద కాల్చిన మాంసంలోను మాడిన చోట పుట్టే హానికర రసాయనాలు, నీరు ఉన్నంతవరకు నూరు డిగ్రీలు దాటని పులుసులో పుట్టే అవకాశం బహు తక్కువ.

ఇక్కడ గృహిణులు, వంట చేసే మగవారు గుర్తుంచుకోవలసిన భౌతిక సూత్రం ఒకటున్నది. పులుసు ఒకసారి తెర్లడం మొదలుపెట్టాక మంట ఎంత పెంచినా దాని వేడి పెరగదు. నీరు త్వరగా ఆవిరవుతుంది, అడుగంటుతుంది, అంతే. నిదానమే ప్రధానం అన్న పెద్దల మాట వంటకు అక్షరాలా వర్తిస్తుంది.

మరొక మేలు. ఇండక్షన్ పొయ్యి మీద సాదా అల్యూమినియం గిన్నె పనిచేయదు. పోత ఇనుప మూకుడు చక్కగా పనిచేస్తుంది. చింతపండు వంటి పులుపు ఇనుప పాత్రలో ఉడికినప్పుడు కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది. ఇథియోపియాలో పిల్లలకు ఇనుప పాత్రలలో వండి పెడితే వారి రక్తహీనత తగ్గిందని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో పరిశోధన వెలువడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. పులుసు ఇనుప మూకుట్లో వండుకోవడం మందులకు ప్రత్యామ్నాయం కాదు గాని, ఖర్చు లేని సహాయం. అయితే వండిన పులుసును ఆ మూకుట్లోనే రాత్రంతా ఉంచకూడదు. నల్లబడి రుచి చెడుతుంది. ఉడకగానే వేరే గిన్నెలోకి తీయాలి.

పూర్వుల పేరు చెప్పి

మూడవ నిందకు వస్తాను. ఇది అన్నిటికంటె బలమైనది. ఎందుకంటే ఇది మన మనస్సును తాకుతుంది.

మెల్లని సెగ మీద వండడం మన వారికి తెలిసిన విద్యే. పిడకల దాలిలో పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేవి. ఊక పొయ్యి మీద, బొగ్గుల కుంపటి మీద పప్పు నిదానంగా మెదిగేది. మట్టి దాకలో వండిన చేపల పులుసు మరునాటికి మరింత రుచిగా ఉండేది. హైదరాబాదులో రంజాన్ మాసంలో హలీం బట్టీల మీద గంటల తరబడి ఉడుకుతుంది. ఆ రుచులను నేను కాదనను. మా అమ్మమ్మ దాలిలో కాచిన పాల రుచి డెబ్భై దాటిన నా నాలుక మీద ఇప్పటికీ ఉన్నది.

కాని ఆ రుచిని ఇచ్చినది సెగ. పొగ కాదు. సమంగా, సన్నగా, ఎక్కువసేపు అందిన వేడి. ఆ వేడిని పొందడానికి వేరే మార్గం లేదు గనుక దానితో పాటు పొగను భరించారు. భరించినవారెవరు? పులుసు రుచిని పొగడిన మగవారు కాదు. పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మలు, అమ్మలు, వారి ఒడిలోని పసిపిల్లలు. కట్టెల పొయ్యి వంటను వీడియోలలో కీర్తించే పెద్దమనుషులలో ఎందరు రోజూ రెండుపూటలా ఊదుగొట్టం పట్టుకున్నారో నాకు చెప్పమనండి!

నా ఉద్యోగ జీవితంలో నేను ఊపిరితిత్తుల గదిలో చూసిన స్త్రీలలో పొగ త్రాగనివారే ఎక్కువ. వారు త్రాగలేదు, పొయ్యి వారిచేత త్రాగించింది. ఇంటి పొగ వలన దీర్ఘకాలిక శ్వాస అవరోధక వ్యాధి, ఊపిరితిత్తుల కాన్సరు, గుండెపోటు, పక్షవాతం కలుగుతాయి. స్త్రీలలో కంటి శుక్లాలు పెరుగుతాయి. గర్భిణులకు బరువు తక్కువ శిశువులు పుడతారు. పసిపిల్లలకు న్యుమోనియా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి లోపలి వాయు కాలుష్యం వలన ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారు. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేళ్ళ లోపు పిల్లలు. ఇండక్షన్ పొయ్యి అయస్కాంత క్షేత్రం వలన చనిపోయినవారి లెక్క ఎవరైనా చూపగలరా?

కాలిన గాయాల వార్డును కూడా నేను మరువలేను. చీర కొంగుకు పొయ్యి మంట అంటుకొని, కిరసనాయిలు స్టవ్వు పేలి వచ్చిన ఆడవారి ముఖాలు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. మంట లేని పొయ్యి వచ్చినదంటే ఆ వార్డులో పనిచేసిన ఏ వైద్యుడైనా సంతోషిస్తాడు.

పూర్వులు నూరేళ్ళు బ్రతికారనే మాట కూడా నిజం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం నలభై ఏళ్ళకు లోపే. నూరేళ్ళు బ్రతికిన ఒక తాతగారు మనకు గుర్తుంటారు. పురిటిలో పోయిన మేనత్తలు, మొదటి పుట్టినరోజు చూడని పిల్లలు గుర్తుండరు.

ఇండక్షన్‌ను పొగిడేవారు చెప్పనివి

ఇంతవరకు చదివి, నేను ఈ పొయ్యిలకు ప్రచారకుడినని అనుకోవద్దు. దీనిని "ఆరోగ్య పొయ్యి" అని అమ్మేవారితోనూ నాకు పేచీ ఉన్నది. పొయ్యి ఏదైనా కూరలో గరిటెడు నూనె, పిడికెడు ఉప్పు వేస్తే గుండెకు చేటే. నిదానంగా వండే వంటకు సంబంధించి నిజమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. అబద్ధపు భయాల హోరులో ఇవి ఎవరికీ వినిపించడం లేదు. నాకు అదే బాధ.

మొదటిది, సన్నని సెగ సమస్య. తక్కువ ధర పొయ్యిలలో చాలా వాటికి తక్కువ శక్తిని నిలకడగా ఇవ్వడం చేతకాదు. 300 వాట్లు అని మీట నొక్కితే కొన్ని సెకన్లు ఎక్కువ శక్తితో వెలిగి, కొన్ని సెకన్లు ఆగి, సగటున ఆ లెక్క సరిపెడతాయి. పలుచని గిన్నెలో పప్పు పులుసు పెడితే ఒకసారి బుడబుడ, ఒకసారి నిశ్శబ్దం, చివరకు మాడిన అడుగు. దీనికి మందు అడుగు మందమైన గిన్నె. మందపు అడుగు వేడిని పట్టి ఉంచి, ఆ హెచ్చుతగ్గులను సమం చేస్తుంది.

రెండవది, రాజ్మా. ఎర్ర రాజ్మా గింజలలో ఒక సహజ విషపదార్థం ఉంటుంది. పచ్చివి, సగం ఉడికినవి నాలుగైదు గింజలు తిన్నా కొద్ది గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. తెర్లకుండా 80 డిగ్రీల వద్ద మెల్లగా ఉడికిస్తే ఆ విషం తగ్గకపోగా పెరగవచ్చు. అందువలన రాజ్మాను కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంటసేపు బాగా తెర్లనివ్వాలి. లేదా ప్రెషర్ కుక్కరులో ఉడికించాలి. ఆ తరువాతే సన్నని సెగ.

మూడవది, గోరువెచ్చని ప్రమాదం. అయిదు డిగ్రీలకు, అరవై డిగ్రీలకు మధ్య ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. మాంసపు పులుసులలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజరూపంలో ఉడుకును కూడా తట్టుకొని, పులుసు చల్లారుతున్నప్పుడు మేలుకొంటుంది. అనుకూలమైన వేడిలో పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. పెద్ద గుండిగలలో వండి, గంటల తరబడి గోరువెచ్చగా ఉంచిన విందు భోజనాల తరువాత వచ్చే కడుపునొప్పి, విరేచనాలకు ఇది ఒక ముఖ్య కారణం. చింతపండు పులుపు బాగా ఉన్న పులుసులో దీని ఆటలు అంతగా సాగవు. మాంసం, పప్పు, కొబ్బరి ఉన్న వంటలలో సాగుతాయి.

ఇక్కడే ఇండక్షన్ పొయ్యికి ఒక బలహీనత ఉన్నది. చాలా పొయ్యిలు కొంతసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. కరెంటు పోతే సరేసరి. రాత్రి మాంసం పెట్టి, సన్నని సెగ మీద ఉడుకుతుందిలే అని నిద్రపోతే, అది నడిరేయిలో ఆగి తెల్లవార్లూ గోరువెచ్చగా ఉండిపోవచ్చు. ఉదయం వేడి చేసి తిన్నంత మాత్రాన అన్ని విషాలూ పోవు, కొన్ని వేడికి చెక్కుచెదరవు. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఇక్కడ అక్షరసత్యం. మనిషి మెలకువగా ఉన్నప్పుడే వండాలి. వండిన రెండు గంటలలోపు వెడల్పు గిన్నెలలోకి తీసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. తినే ముందు మళ్ళీ బాగా తెర్లేటట్లు కాచాలి.

నాలుగవది, ఉప్పు. నిదానంగా ఉడికేకొద్దీ నీరు ఆవిరై పులుసు చిక్కబడుతుంది. మొదట్లో సరిపోయిన ఉప్పు చివరకు ఎక్కువవుతుంది. రోజుకు ఒక మనిషికి అన్ని వంటలలోనూ కలిపి అయిదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు గలవారు ఉప్పు చివర వేసి రుచి చూసుకోవాలి. పులుపు, ఇంగువ, కొత్తిమీర ఉన్న పులుసుకు తక్కువ ఉప్పుతోనే రుచి వస్తుంది.

అయిదవది, పేస్‌మేకర్. గుండెకు ఈ పరికరం అమర్చినవారు వెలుగుతున్న ఇండక్షన్ పొయ్యికి కనీసం రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వారు తమ హృద్రోగ వైద్యుని అడిగిన తరువాతే దానిపై వండాలి. "రేడియేషన్" భయంలో నిజమైన వంతు ఇంతే. ఈ ఒక్క మాట మాత్రం ఆ సందేశాలలో నాకు ఎక్కడా కనబడలేదు!

మా ఇంటి దప్పళం

విమర్శించి ఊరుకోవడం వైద్యుని పని కాదు. మందు కూడా వ్రాయాలి. మా ఇంట్లో దప్పళం ఇండక్షన్ పొయ్యి మీద ఇలా వండుతాం.

అడుగు మందమైన, సమతలంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోవాలి. ఫ్రిజ్ తలుపు మీద అంటించే అయస్కాంతం దాని అడుగుకు అంటుకుంటే చాలు. సొరకాయ, గుమ్మడి, ములక్కాడ, చిలగడదుంప ముక్కలు నీటితో ఎక్కువ శక్తి మీద పెట్టి బాగా తెర్లనివ్వాలి. తరువాత తగ్గించి ముక్కలు మెత్తబడే వరకు ఉంచాలి. చింతపండు రసం అప్పుడే పోయాలి. ముందే పోస్తే పులుపు వలన ముక్కలు గాని, పప్పు గాని త్వరగా మెత్తబడవు. విడిగా ఉడికించి మెదిపిన కందిపప్పు కలిపి, 400 వాట్ల ప్రాంతంలో ఉంచి, మూత కొంచెం ఓరగా పెట్టి, మధ్యమధ్య అడుగు నుండి కలుపుతూ ముప్పావు గంట మరగనివ్వాలి. ఉప్పు, పోపు చివరలో.

ఖర్చు చూద్దాం. 400 వాట్ల చొప్పున రెండు గంటలు ఉడికినా ఒక యూనిట్ కరెంటు కూడా కాదు. మట్టి పొయ్యిలో కట్టెల వేడిలో పదింట ఒకటి రెండు వంతులే గిన్నెకు చేరుతుంది. మిగిలినది వంటింటికీ, వండే మనిషి ముఖానికీ చేరుతుంది.

మట్టి దాకలో రుచి వేరు అంటారా? నిజమే. ఇండక్షన్ మీద మట్టి దాక పనిచేయదు. నెలకొకసారి చేపల పులుసుకు గ్యాసు మీద దాక పెట్టుకోండి. గ్యాసు కూడా కొంత వాయువును వదులుతుంది గనుక కిటికీ తెరచి ఉంచండి. కట్టెల పొయ్యి తప్ప గతి లేని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వారిని నేను నిందించను. వారు ఆరుబయట, ఎండిన కట్టెలతో, పసిపిల్లలను దూరంగా ఉంచి వండాలి. కాని చేతిలో పొగలేని పొయ్యి ఉండి కూడా ఒక సందేశాన్ని నమ్మి దానిని అటక మీద పెట్టడం దారుణం.

చివరి మాట

ఆ యువకునికి ఇదంతా నా గదిలోనే అరగంటసేపు చెప్పాను. ఆ తల్లి మధ్యలో ఒక ప్రశ్న అడిగింది: "మరి ఆ ఫోనులో చెప్పినాయన కూడా డాక్టరే అన్నారు కదండీ?" నాకు సిగ్గు వేసింది. తెల్ల కోటు తొడుక్కొని కెమెరా ముందు కూర్చున్న ప్రతివాడూ వైద్యుడు కాడు. వైద్యుడైనవాడు ఆధారం లేని మాట చెబితే అది వైద్యమూ కాదు.

వారం తరువాత ఆ అబ్బాయి ఫోను చేశాడు. పెరట్లో పొయ్యి తీసివేశామని, అమ్మకు దగ్గు కొంచెం నిమ్మళించిందని చెప్పాడు. సంతోషించాను. కాని ఒక వైద్యునిగా నాకు తెలుసు, పొగ తిన్న ఊపిరితిత్తులలో పోయిన భాగం తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగిలింది. ఆ మూడు నెలల పొగ ఆమె నుండి ఎంత తీసుకుపోయిందో ఏ యంత్రమూ కచ్చితంగా చెప్పలేదు.

కనుక పాఠకులకు నా విన్నపం. ఆరోగ్యాన్ని గురించిన సందేశం ఏదైనా మీ ఫోనుకు వస్తే, ఇతరులకు పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాటకు ఆధారం ఏది? దీనికి బదులుగా చేయమంటున్న పనిలో ఇంతకంటె పెద్ద అపాయం లేదా? ఈ సలహా పాటిస్తే కష్టం ఎవరి మీద పడుతుంది? మూడవ ప్రశ్నకు జవాబు "మా అమ్మ మీద" అయితే, ఆ సందేశాన్ని అక్కడే ఆపండి.

పులుసు నిదానంగా ఉడకనివ్వండి. వండిన తల్లిని కూడా మీ ప్రక్కన కూర్చోబెట్టుకొని, అందరూ కలిసి వేడివేడిగా తినండి.

సర్వే జనాః సుఖినో భవంతు.